తాబేలు దీర్ఘాయువు

హిందూపురము, పెనుకొండ, ధర్మవరము ప్రాంతముల మెట్టపొలములకు పోవువారికి వానకాలమున ముళ్ళపొదల చెంత నక్షత్ర తాబేలు కనిపించుట కలదు. డిప్పపై పసుపు చారలు చుక్కలవలె విరిసియుండుటచే దానికి ఆ పేరు వచ్చినది. దాని బంధువర్గమునకు చెందిన గాలపాగస్ దీవుల మహాకూర్మ మొకటి హైదరాబాదున చిరకాలము జీవించి 2024 మార్చిలో మరణించినది. తొలుత బాగే ఆమ్ తోటలో నుండిన దానిని 1963లో నెహ్రూ జంతు ప్రదర్శనశాలకు తరలించిరి. దాని వయస్సు 125 ఏండ్లని ప్రదర్శనశాలవారు తెలిపిరి.

తాబేటి వయస్సును తెలియుట ఎట్లు? డిప్ప పలకలపై వలయములను లెక్కించిన చాలునని పలువురి నమ్మకము. ఇది సరి కాదు. మేత సమృద్ధిగ నున్న కాలమున వలయ మేర్పడును, కరవున ఏర్పడకపోవచ్చును, ముదిమిలో అన్నియు అరిగి నున్ననగును. కావున వ్రాతయే ప్రమాణము. కలకత్తా అలీపూర్ జంతుశాలలో 2006లో మరణించిన అద్వైత యను కూర్మము రాబర్టు క్లైవు కాలము నాటిదనియు, 250 ఏండ్లు బ్రతికినదనియు ప్రతీతి. అది ఆ జంతుశాలకు చేరినది 1875 ప్రాంతమున. క్లైవు కథను ప్రక్కన పెట్టినను, ఆ వచ్చిన నాటినుండియే 130 ఏండ్లు! సెయింట్ హెలీనా దీవి జోనాథన్ 1882లో అచటికి చేరునప్పటికే పూర్తిగ ఎదిగియుండెను. అందుచే 1832 ప్రాంతమున పుట్టినదని అంచనా వేసిరి.

ఈ ప్రాణికి తొందర లేదు. ఒంటి వేడిమిని ఎండనుండియే పొందును గనుక అందుకై తిన్న ఆహారమును వ్యయపరచదు. మహాకూర్మము నెలల తరబడి మేత, నీరు లేక బ్రతుకగలదు. ఆ గుణమే దానికి చేటు తెచ్చినది. పూర్వపు నావికులు చెడని మాంసముగ నెంచి వీనిని ప్రాణముతోనే ఓడల అడుగున పేర్చుకొని పోయెడివారు. పింటా దీవి జాతిలో కడపటిదైన జార్జి 2012లో మరణించినది. కణముల లోపములను సరిదిద్దు జన్యువులలో విశేషము లున్నవని దాని శరీరమును పరిశోధించినవారు 2018లో వెల్లడించిరి.

ఆయువు దీర్ఘమైనచో ఎదుగుదలయు మందమే. మన నక్షత్ర తాబేలు గ్రుడ్లు పెట్టు ఈడునకు వచ్చుటకు ఏండ్లు పట్టును. ఎదిగిన ఒక్క ఆడుతాబేలును పట్టుకొనిపోయిన, ఆ లోటు త్వరగ తీరునది కాదు. అయినను ఇంట నున్న కలిసివచ్చునని కొందరును, విదేశములకు దొంగచాటుగ అమ్ముకొనుటకు మరికొందరును వీనిని పట్టుచున్నారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము పట్టుటయు, పెంచుటయు, అమ్ముటయు నేరములే. పొలమున కనిపించినదానిని దూరపు గుట్టకు కొనిపోయి విడుచుటయు తగదు. నీడ, మేత, నీరు ఎచట దొరకునో అది ఎరిగినది ఆ పొలముననే. ఇదివరకే ఇంట నున్నదానిని అటవీశాఖవారికి అప్పగింపవలెను.