కరెంటుతో పాటే పోయిన లాగ్‌లు

ప్రశ్న: గుంటూరు మిర్చి యార్డు దగ్గర మాకు కోల్డ్ స్టోరేజీ ఉంది. నెట్‌వర్క్ చొరబాట్లను పసిగట్టే పరికరంలో, కరెంటు పోయి వచ్చాక పాత లాగ్‌లు కనబడటం లేదు. యూపీఎస్ పెడితే చాలదా?

జవాబు: చాలదండీ. కరెంటుతో పాటే పోయాయంటే అవి ర్యామ్‌లోనే ఉండి ఉండాలి. యూపీఎస్ ఆ గండం గట్టెక్కిస్తుంది గానీ, ర్యామ్‌లో చోటు నిండాక పరికరం పాతవాటిని చెరిపి కొత్తవి రాసుకోవడాన్ని ఆపలేదు. దాడి జోరుగా సాగేటప్పుడే లాగ్‌లు వరదలా వస్తాయి. దొంగ మొదట ఎటు దూరాడో చెప్పే ఆనవాలు సరిగ్గా అప్పుడే చెరిగిపోతుంది. నా భయమంతా అదే. అందుకే వాటిని ఎప్పటికప్పుడు సిస్‌లాగ్ (లాగ్‌లను నెట్‌వర్క్ మీదుగా పంపే పద్ధతి) ద్వారా వేరే కంప్యూటర్‌కు పంపండి. అలా పంపే మార్గాల్లో యూడీపీ అయితే దారిలో పోయినవి పోయినట్టే తెలియదు కనుక టీసీపీ ఎంచుకోండి. ఖర్చు దండగ అనిపించవచ్చు. కానీ లాగ్‌లు ఉత్త అక్షరాలే కనుక మీ స్థాయికి మామూలు హార్డ్ డిస్క్ సరిపోతుంది. పైగా 2022 ఏప్రిల్ 28న కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం సంస్థలు 180 రోజుల లాగ్‌లను భద్రపరచాలి.