హిమానీనదం క్రింద ఒక పల్లె

స్విట్జర్లాండు అనగానే మంచుకొండలు, పచ్చిక బయళ్లు, చేతిగడియారాలు మన మనసులో మెదలుతాయి. ఆ చిత్రంలో మనుషులకు చోటు తక్కువ. నిటారైన కొండవాలులలో రై ధాన్యం పండించి, పశువులను మేపుకొని, శతాబ్దాలపాటు మంచుతో సహజీవనం చేసిన రైతులు అక్కడ ఉన్నారు. వారి పల్లెలలో ఒకటి బ్లాటెన్.

ఆ దేశపు నైరుతి దిక్కున, వాలే రాష్ట్రంలో, లోట్షెంటాల్ అనే లోయ ఉంది. ‘టాల్’ అంటే జర్మను భాషలో లోయ అనే అర్థం. రోన్ నదికి ఉపనది అయిన లోన్జా దానిలో ప్రవహిస్తుంది. ఫెర్డెన్, కిప్పెల్, విలెర్, బ్లాటెన్ అనే నాలుగు గ్రామాలు ఆ నదీతీరాన వెలిశాయి. వీటిలో బ్లాటెన్ అన్నిటికంటె ఎగువన, సముద్రమట్టానికి సుమారు 1540 మీటర్ల ఎత్తున ఉండేది. జనసంఖ్య మూడువందలు. ఊరికి పైన 3934 మీటర్ల బీట్ష్‌హార్న్ శిఖరం. 1859లో లెస్లీ స్టీఫెన్ అనే ఆంగ్లేయుడు ఈ లోయవారిని వెంటబెట్టుకొని దానిని మొదటిసారి అధిరోహించాడు. ఆంగ్లసాహిత్యం చదివేవారికి ఆయన వర్జీనియా వుల్ఫ్ తండ్రిగా పరిచితుడే. 1913లో లోట్ష్‌బెర్గ్ రైలు సొరంగం ప్రారంభమయ్యేవరకు ఈ లోయ బయటి ప్రపంచానికి దాదాపు దూరంగానే ఉండిపోయింది.

ఆ దూరమే దాని సంస్కృతిని కాపాడింది. ఇళ్లు లార్చి అనే దేవదారు జాతి వృక్షపు దుంగలతో కట్టినవి. ఎండకు కాగి కాగి ఆ కలప నల్లబారుతుంది. ధాన్యపు గాదెలను నేలకు ఎత్తుగా స్తంభాలపై నిలిపి, ఒక్కొక్క స్తంభం మీద వెడల్పైన గుండ్రని రాతిపలకను పెట్టేవారు. స్తంభమెక్కిన ఎలుక ఆ పలకను దాటి పైకి పోలేదు. ఇంత చిన్న ఉపాయంలో ఎంత అనుభవం దాగి ఉన్నదో గమనించండి! ఇంటి దూలాల మీద కట్టిన సంవత్సరాన్ని, కట్టించినవారి పేర్లను చెక్కడం అక్కడి ఆచారం.

శీతకాలం చివర, ఫిబ్రవరి 2 మొదలు క్రైస్తవుల ఉపవాసదినాలు ఆరంభమయ్యే ముందురోజు వరకు, ‘చెగ్గెట్టా’ అనే వేషధారులు వీధులలో సంచరిస్తారు. కొయ్యతో చెక్కిన భయంకరమైన ముఖం, ఒంటినిండా గొఱ్ఱెతోలు, మేకతోలు, నడుముకు ఆవు మెడలోని గంట. పూర్వం పెళ్లికాని యువకులే ఈ వేషం కట్టేవారు. లోయకు నీడవైపు కాపురమున్న దొంగలు ఇటువంటి వేషాలతో ఏరు దాటి వచ్చి దోచుకొనేవారని ఒక ఐతిహ్యం. పందొమ్మిదవ శతాబ్దంలో మతగురువులు నిషేధించినా ఈ ఆచారం నిలిచింది. వేడుకలను ఆజ్ఞలతో ఆపడం ఎక్కడైనా కష్టమే.

ఆ ప్రాంతపు కథలలో మంచుకు కూడా ప్రాణం ఉంది. లోయకు ఎగువన, కనుమకు ఆవల ఉన్న ఆలెట్ష్ మహాహిమానీనదంలో మృతుల ఆత్మలు చలికి వణుకుతూ పాపపరిహారం చేసుకుంటాయని నమ్మేవారు. రాత్రివేళ రాట్నం వడికే ఒక ముదుసలి, ఆ ఆత్మలు వచ్చి చలి కాచుకోవాలని తన తలుపు గడియ తీసి ఉంచేదట. మంచును చూచి భయపడినవారే దానిలోనివారిపై జాలిపడ్డారు.

బ్లాటెన్‌కు పైన ఉన్నది వేరొక చిన్న హిమానీనదం. పేరు బిర్చ్. శాస్త్రజ్ఞులు 1990ల నుండి దానిపై కన్ను వేసి ఉంచారు. చుట్టుపక్కల హిమానీనదాలు కరిగి కుంచించుకుపోతుండగా ఇది మాత్రం ముందుకు కదలసాగింది. పై శిఖరం నుండి రాలిన రాళ్ల బరువు దానిని నెట్టింది. 2025 మే నెలలో శిఖరభాగం విరిగి పడడం ఎక్కువైంది. మే 19న గ్రామస్థులందరినీ ఖాళీ చేయించారు. పశువులను కూడా తరలించారు. నడవలేని ఒక ఆవును హెలికాప్టరుకు కట్టి తీసుకుపోయారు. మే 28 మధ్యాహ్నం హిమానీనదం కుప్పకూలింది. లక్షల ఘనపు మీటర్ల రాయి, మంచు, మట్టి ఊరిలో సుమారు తొంభై శాతాన్ని కప్పివేశాయి. లోన్జాకు అడ్డుకట్ట పడి సరస్సు ఏర్పడగా మిగిలిన ఇళ్లలో అనేకం నీట మునిగాయి. అప్రమత్తత వలన ఊరంతా బ్రతికింది. ఒక్క వ్యక్తి మాత్రం మరణించాడు.

నల్లని ఇళ్లతోపాటు దూలాల మీది పేర్లు కూడా శిథిలాల పాలయ్యాయి. అయితే కొయ్యముఖాలను చెక్కే పని ఆ లోయలో ఆగిపోలేదు. కిప్పెల్‌లోని మ్యూజియంలో పాత ముఖాలు భద్రంగా ఉన్నాయి. చెదరిపోయిన గ్రామస్థులు ఇరుగుపొరుగు ఊళ్లలో తలదాచుకొని, అదే లోయలో తమ ఊరిని మళ్లీ కట్టుకోవాలని నిశ్చయించారు. కొత్త ఇళ్ల దూలాల మీద ఏ సంవత్సరం చెక్కాలో ఇక వారే నిర్ణయించుకోవాలి.