నాన్నగారికి మాట వినపడుతుంది, అర్థమే జారిపోతోంది

ప్రశ్న: నాన్నగారికి పక్షవాతం వచ్చి నాలుగు నెలలు. ‘అన్నానికి రండి’ అంటే వస్తారు. ‘తమ్ముణ్ణి అన్నయ్య పిలిచాడు’ అంటే మాత్రం ఎవరు ఎవర్ని పిలిచారో తెలియక తికమకపడతారు. చెవులు బాగానే ఉన్నాయి. మతి తప్పుతోందా?
– ఓ పాఠకురాలు, కృత్తివెన్ను

జవాబు: లేదమ్మా, మీరు చెప్పినదాన్నిబట్టి ఇది మతిమరుపులా లేదు. పక్షవాతం మెదడులో భాషను నడిపే భాగాన్ని దెబ్బతీస్తే వచ్చే అఫేసియా లక్షణం ఇది. ‘చేపను పిల్లి తింది’ అంటే ఆయనకు తెలుస్తుంది. చేప పిల్లిని తినదు కదా, లోకజ్ఞానమే అర్థం చెప్పేస్తుంది. అన్నదమ్ముల్లో ఎవరైనా ఎవర్నైనా పిలవొచ్చు. అక్కడ ఆధారమల్లా ‘ణ్ణి’ అన్న చిన్న ప్రత్యయం, అదే చేజారుతోంది. 1976లో కారమజ్జా, జూరిఫ్ అనే పరిశోధకులు ఇంగ్లీషు వాక్యాలతో ఇలాంటి తేడానే చూపారు.

గట్టిగా అరవకండి, చెవిటితనం కాదిది. టీవీ కట్టేసి, ఎదురుగా కూర్చుని, పని చేసినవాణ్ణి ముందు పెట్టి చెప్పండి: ‘అన్నయ్య పిలిచాడు. తమ్ముణ్ణి.’ ‘చెరువు దగ్గర్నుంచి వచ్చాక మందేసుకుని పడుకోండి’ అనకుండా, మందు చేతికిచ్చి ‘వేసుకోండి’ అనండి. ఆయన తలూపినా అర్థమైందనుకోవద్దు, వేలితో చూపించమనండి. మచిలీపట్నంలోనో విజయవాడలోనో స్పీచ్ థెరపిస్టుకు ఈ నెలలోనే చూపించండి.