కల్లు మానిన మూడో రోజు – ఓటు అడిగేవారిని మనం ఏమి అడగాలి?



మీ ఇంటి మనిషి కల్లు మానేశాడంటే మీకు సంతోషమే. కాని మానిన రెండో రోజో మూడో రోజో అతనికి చేతులు వణికి, మాట తడబడి, ఫిట్స్ వస్తే మీరు భయపడతారు. మా వార్డుకు ఇలా వచ్చిన ఒక అమ్మ నాతో, "సిస్టరమ్మా, కల్లు బంద్ వెట్టిండు, ఇగ మంచిగైతడనుకున్నం. గిట్లెందుకైంది?" అని ఏడ్చింది. ఆమె ప్రశ్నకు జవాబే ఈ పాఠం.

కల్లులో ఏమి కలుపుతారు?

ఈత చెట్టు, తాటి చెట్టు ఇచ్చే కల్లు కొద్దిగానే ఉంటుంది. తాగేవారు ఎక్కువ. ఆ లోటును పూడ్చడానికి కొందరు వ్యాపారులు నీళ్లలో శాకరిన్, మత్తుమందు కలిపి అమ్ముతారు. ఆ మత్తుమందులు ముఖ్యంగా మూడు: ఆల్ప్రాజోలం, డైజోఫాం అని మనవాళ్లు పిలిచే డయాజిపాం, సీహెచ్ అని పిలిచే క్లోరల్ హైడ్రేట్. మొదటి రెండూ ఆందోళన, నిద్రలేమి, ఫిట్స్ వంటి జబ్బులకు డాక్టర్లు కొలిచి ఇచ్చే మందులు. సీసాలో ఎంత కలిసిందో తాగేవారికి తెలియదు. చెట్టెక్కి నిజమైన కల్లు దించే గీత కార్మికునికి కూడా ఈ కల్తీ వల్ల నష్టమే.

మానితే ఎందుకు ప్రమాదం?

రోజూ ఈ మందు లోపలికి వెళ్తే మెదడు దానికి అలవాటు పడుతుంది. ఒక్కసారిగా ఆపితే మెదడు అదుపు తప్పుతుంది. నిద్ర పట్టదు, చెమటలు పోస్తాయి, చేతులు వణుకుతాయి, లేనివి కనబడతాయి, ఫిట్స్ వస్తాయి. ఆల్ప్రాజోలం అయితే ఒకటి నుండి మూడు రోజులలో, డయాజిపాం అయితే వారం రోజుల వరకు ఆలస్యంగా కూడా ఇవి మొదలు కావచ్చు. ఇది దయ్యం కాదు, చేతబడి కాదు, నటన కాదు. ప్రాణం తీయగల జబ్బు.

నాయకులు ఏమి చేశారు?

మత్తు గురించి మాట్లాడని ఎన్నిక మన దగ్గర లేదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు సారా దుకాణాన్ని మూయించారు. 1993లో ప్రభుత్వం రాష్ట్రమంతటా సారాను నిషేధించింది. 1994 ఎన్నికలలో ఎన్.టి. రామారావు గారు సంపూర్ణ మద్య నిషేధం మాట ఇచ్చి, గెలిచి, 1995 జనవరిలో అమలు చేశారు. 1997లో చంద్రబాబు నాయుడు గారి ప్రభుత్వం దానిని ఎత్తివేసింది. హైదరాబాదులో 2004లో మూతపడిన కల్లు దుకాణాలను 2014లో కె. చంద్రశేఖర రావు గారి ప్రభుత్వం తిరిగి తెరిపించింది.

2015లో అదే ప్రభుత్వం కల్తీ కల్లుపై దాడులు చేసింది. దాడులు అవసరమే. కాని కల్తీ సరుకు ఒక్కసారిగా ఆగడంతో నిజామాబాద్, మహబూబ్‌నగర్, మెదక్ వైపు ఎంతోమంది వింతగా ప్రవర్తిస్తూ, ఫిట్స్‌తో ఆసుపత్రులకు చేరారు. దుకాణం మీద ఆలోచన చేశారు గాని, తాగేవాని చికిత్స మీద ముందుగా ఏర్పాటు చాలలేదు. 2025 జూన్‌లో రేవంత్ రెడ్డి గారి ప్రభుత్వం మాదకద్రవ్యాల నిరోధక విభాగానికి ఈగిల్ అని పేరు మార్చింది. మరుసటి నెలలోనే హైదరాబాదు కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి కొందరు చనిపోయారు. మరికొందరికి కిడ్నీలు దెబ్బతిని డయాలసిస్ చేయవలసి వచ్చింది.

మన పిల్లలు చదువుకు వెళ్లే అమెరికాలో కూడా ఈ బాధ ఉంది. అక్కడ డాక్టర్లు రాసిన ఓపియాయిడ్ అనే నొప్పి మందులతో మొదలై, హెరాయిన్, ఫెంటనిల్ వరకు వెళ్లింది. 2021, 2022, 2023 సంవత్సరాలలో ఏటా లక్షమందికి పైగా మత్తుమందులు మోతాదు మించి మరణించారు. 2016 ఎన్నికలలో అభ్యర్థులు దీని గురించి మాట్లాడక తప్పలేదు. 2018లో రెండు పార్టీలూ కలిసి చికిత్స కోసం ఒక చట్టం చేశాయి.

ఓటు అడిగేవారిని అడగండి

ఏ పార్టీకి ఓటు వేయాలో చెప్పడం మా పని కాదు. అది మీ ఇష్టం. కాని సర్పంచ్ అయినా, ఎమ్మెల్యే అయినా గుమ్మం ముందుకు వచ్చినప్పుడు ఈ నాలుగు మాటలు అడగండి:

1. మా ఊరి కల్లు శాంపిళ్లను ఎన్ని రోజులకోసారి పరీక్ష చేయిస్తారు? ఫలితం అందరికీ చెబుతారా?
2. కల్తీ దుకాణం మూసే ముందు, దగ్గరి సర్కారు దవాఖానలో మందులు, మంచాలు సిద్ధం చేయిస్తారా?
3. వేములవాడ, సిరిసిల్ల వారికి దగ్గరలో మత్తు మాన్పించే డాక్టరు ఉండేలా చూస్తారా?
4. కల్తీ మానేసిన గీత కార్మికునికి ఏ ఆధారం చూపిస్తారు?

చట్టం కూడా తెలుసుకోండి. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం ప్రకారం, మత్తుకు బానిసైన మనిషి తానుగా చికిత్సకు వస్తే, తాగినందుకు లేదా కొద్ది మోతాదు దగ్గర ఉన్నందుకు శిక్ష నుండి రక్షణ ఉంది. కాబట్టి పోలీసుల భయంతో దాచవద్దు.

ఇంటివారు చేయవలసినవి

• రోజూ కల్లు తాగే మనిషి మానాలనుకుంటే ముందే డాక్టరు దగ్గరకు తీసుకురండి. డాక్టరు కొలిచిన మందు ఇచ్చి మెల్లమెల్లగా తగ్గిస్తారు.
• ఏ దుకాణంలో, ఎన్ని సీసాలు, ఎన్నేళ్లుగా అనేది దాచకుండా చెప్పండి.
• మందుల షాపులో సొంతంగా నిద్రమాత్రలు కొనవద్దు.
• ఫిట్స్ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టండి. నోట్లో నీళ్లు గాని చెంచా గాని పెట్టవద్దు. చేతిలో తాళంచెవి పెడితే ఫిట్స్ ఆగవు. వెంటనే 108కి ఫోన్ చేయండి.
• మత్తు మాన్పించే సలహా కోసం 14446కు, మనసు బాధకు 14416కు ఫోన్ చేయవచ్చు. కల్తీ గురించి 1908కి చెప్పవచ్చు.

పైన చెప్పిన ఆ అమ్మ భర్త కోలుకొని ఇంటికి వెళ్లాడు. వెళ్లేటప్పుడు ఆమె, "ముందుగాల్నే తెలిస్తే ముందుగాల్నే తెస్తుంటిమి" అన్నది. ఇప్పుడు మీకు తెలిసింది. మీ పక్కింటివారికి కూడా చదివి వినిపించండి.