నోట్లు చిత్తుకాగితాలైతే పాల బిల్లు ఏమవుతుంది?



ఈ మధ్య ఒక గ్రామ సంఘం సర్వసభ్య సమావేశానికి వెళ్ళాను. లెక్కలు చదవడం, బోనస్ ప్రకటించడం పూర్తయి టీలు ఇస్తున్నారు. వెనుక వరుసలోంచి ఒక పెద్దాయన లేచి, "అయ్యా, ఏడాదికో రెండేళ్ళకో నోట్లన్నీ చిత్తుకాగితాలైపోతాయట గదా! మా మనవడు సెల్‌ఫోనులో చూపించాడు. రొట్టె కొనడానికి తోపుడుబండి నిండా నోట్లు తీసుకుపోతున్నారు. నాకు రెండు చూడి పడ్డలున్నాయి. అమ్మేసి బంగారం కొనమంటారా?" అని అడిగారు. ఎవరూ నవ్వలేదు. ఇంకొక సభ్యురాలు తన వాటా ధనం వెనక్కు ఇస్తారా అని కార్యదర్శిని అడిగింది. కార్యదర్శి నా వైపు చూశాడు. ఆ రోజు నేను చెప్పిన జవాబు నాకే తృప్తి కలిగించలేదు. అందుకే ఈ నెల దాణా పాఠానికి బదులు ఇది వ్రాస్తున్నాను.

అటువంటి ఫోటోలు అబద్ధం కాదు. 1923లో జర్మనీ దేశంలో అలా జరిగింది. 1914లో, మొదటి ప్రపంచయుద్ధానికి ముందు, ఒక అమెరికా డాలరుకు 4 మార్కుల 20 పైసల చొప్పున ఇచ్చేవారు (మార్కు అంటే వారి రూపాయి అనుకోండి). 1923 జనవరి నాటికి అదే డాలరుకు సుమారు 18 వేల మార్కులు. ఆ ఏడాది నవంబరులో 4 లక్షల 20 వేల కోట్ల మార్కులు! బెర్లిన్‌లో ఒక రొట్టె 20 వేల కోట్ల మార్కులు పలికింది. ప్రభుత్వ అచ్చు యంత్రాలు చాలక ప్రైవేటు ప్రెస్సులకు కూడా పని అప్పగించారు. తొందరలో కొన్ని నోట్లను ఒక వైపే అచ్చువేశారు.

ఎందుకిలా జరిగిందో మనకు పాల భాషలోనే బాగా అర్థమవుతుంది. క్యానులో నీళ్ళు పోస్తే లీటర్లు పెరుగుతాయి, వెన్న పెరగదు. నోట్లు అచ్చువేయడం కూడా అంతే. దేశంలో ఉన్న ధాన్యం, బొగ్గు, బట్ట వెన్న వంటివి. నోట్లు లీటర్ల వంటివి. జర్మనీ ప్రభుత్వం యుద్ధాన్ని పన్నులతో గాక ఎక్కువగా అప్పులతో నడిపింది. ఓడిపోయిన తరువాత గెలిచిన దేశాలకు నష్టపరిహారం చెల్లించవలసి వచ్చింది. 1923 జనవరిలో ఆ బాకీ సరిగా చెల్లించలేదని ఫ్రాన్సు, బెల్జియం సైన్యాలు బొగ్గు గనులు, ఇనుప కర్మాగారాలు ఉన్న రూర్ ప్రాంతాన్ని ఆక్రమించుకున్నాయి. అక్కడి కార్మికులు నిరసనగా పని మానివేశారు. పని మానిన వారికి ప్రభుత్వం కొత్త నోట్లు అచ్చువేసి జీతాలు ఇచ్చింది. అంటే ఒక వైపు గేదె ఒట్టిపోయింది, ఇంకొక వైపు క్యానులో నీళ్ళు పోస్తూనే ఉన్నారు. ఈ రెండూ ఒక్కసారి కూడినప్పుడే అంత ఘోరం జరుగుతుంది.

ధరలు పెరగడం వేరు, ఇది వేరు. ఫిలిప్ కేగన్ అనే అమెరికా ఆర్థికవేత్త 1956లో ఒక కొలత పెట్టాడు. నెలకు 50 శాతం ధరలు పెరిగితే దానిని అతి ద్రవ్యోల్బణం అనాలన్నాడు. ఏడాదికి కాదు, నెలకు. దీనిని మన పాల బిల్లుకు అన్వయించి చూద్దాం. మీరు ఒకటో తేదీన పోసిన పాలకు పదహారో తేదీన 1,000 రూపాయలు వచ్చాయనుకోండి. ధరలు ఏడాదికి 6 శాతం పెరుగుతుంటే ఆ పదిహేను రోజుల ఆలస్యం వల్ల మీకు కలిగే నష్టం సుమారు రెండున్నర రూపాయలు. నెలకు 50 శాతం పెరుగుతుంటే ఆ వెయ్యితో సుమారు 816 రూపాయల సరుకే వస్తుంది. 1923 అక్టోబరులో జర్మనీలో ధరలు నాలుగు రోజులు తిరగకుండానే రెట్టింపయ్యాయి. ఆ లెక్కన మీ వెయ్యి 60 రూపాయల విలువ చేస్తుంది. అక్కడ జీతాలు ఏ రోజుకారోజు ఇచ్చి, అందగానే భార్యాపిల్లలు అంగడికి పరుగెత్తడం ఇందుకే. పక్షం రోజులకు బిల్లు ఇచ్చే మన సంఘం అక్కడ ఒక నెల కూడా నడవదు.

"అయితే సరుకు చేతిలో ఉన్న రైతుకు భయమేముంది?" అని మీరనవచ్చు. జర్మనీ రైతులూ అలాగే అనుకున్నారు. కాగితపు మార్కులకు బంగాళదుంపలు, వెన్న అమ్మడం మానుకున్నారు. పట్నవాసులు నగలు, మేజోళ్ళు, చివరకు పియానోలు కూడా పల్లెలకు తెచ్చి తిండికి మార్చుకున్నారు. ఏమీ లేనివారు గుంపులుగా వచ్చి పొలాల మీద పడి దుంపలు తవ్వుకుపోయారు. పట్నంలో పిల్లలకు పాలు కరువైనాయి. భూమి మీద తాకట్టు బాకీలు మాత్రం రైతుకు తేలికగా తీరిపోయాయి. ఒకప్పటి పెద్ద అప్పు ఒక కోడిగుడ్డు ధరకు దిగిపోయింది.

ఇంతవరకే చదివితే రైతు గెలిచినట్లే కనిపిస్తుంది. 1923 నవంబరు 15న రెంటెన్‌మార్కు అనే కొత్త నాణెం వచ్చింది. లక్ష కోట్ల పాత మార్కులకు ఒక కొత్త మార్కు. దానికి పూచీగా వ్యవసాయ భూముల మీద, పరిశ్రమల మీద తాకట్టు హక్కు పెట్టారు. కాని ధరలు నిలబడింది ఆ పూచీ వల్ల కాదు. ఇంతకు మించి అచ్చువేయము అని గట్టి పరిమితి పెట్టి, ప్రభుత్వోద్యోగులను లక్షల్లో తొలగించి, పన్నులు పెంచడం వల్ల నిలబడ్డాయి. ఆ పన్నులు రైతు మీద కూడా పడ్డాయి. నిలవ డబ్బు అందరిదీ పోయింది గనుక విత్తనానికి, ఎరువుకు మళ్ళీ అప్పు చేయాలి. వడ్డీ చూస్తే విపరీతం. అయిదేళ్ళు తిరగకముందే, 1928లో, పశుపోషణకు పేరుపడిన ష్లెస్విగ్-హోల్‌స్టైన్ ప్రాంతంలో రైతులు వేలాదిగా వీధులకెక్కారు. పన్ను బాకీకి జప్తు చేసిన ఎద్దులను తోలుకుపోనివ్వకుండా అడ్డుపడ్డారు.

ఇంకొక సంగతి మన సహకారులకు మరీ దగ్గరది. పల్లె పరపతి సంఘాలకు పుట్టినిల్లు ఆ జర్మనీయే. రైఫైజెన్ అనే ఆయన అక్కడ వాటిని స్థాపించాడు. మన మద్రాసు ప్రభుత్వం తరపున ఫ్రెడరిక్ నికల్సన్ ఐరోపా సంఘాలను పరిశీలించి 1895లోను, 1897లోను నివేదికలిచ్చాడు. తరువాత 1904లో మన దేశంలో మొదటి సహకార చట్టం వచ్చింది. ఆ రైఫైజెన్ సంఘాలలో సభ్యులు దశాబ్దాల తరబడి దాచుకున్న సొమ్ము 1923లో ఒక్క రొట్టెకు కూడా చాలకుండా పోయింది. మళ్ళీ సున్నా నుండి మొదలుపెట్టవలసి వచ్చింది.

ఇటీవలి సంగతి కావాలంటే ఆఫ్రికాలోని జింబాబ్వే ఉంది. అక్కడ 2008 జూలైలో ధరలు ఏడాదికి 23 కోట్ల శాతం పైగా పెరిగినట్లు ప్రభుత్వమే ప్రకటించింది. 2009 జనవరిలో కోటి కోట్ల డాలర్ల నోటు వచ్చింది. అంతకుముందు 2007లో ప్రభుత్వం ధరలను సగానికి తగ్గించాలని దుకాణాలను ఆజ్ఞాపించింది. ఉత్పత్తి ఖర్చుకన్న తక్కువకు అమ్మమంటే ఎవరు అమ్ముతారు? అల్మారాలలోంచి పాలు, రొట్టె, మాంసం మాయమయ్యాయి. పాల ధర పెంచవద్దని ఊరక ఆజ్ఞ ఇచ్చినంత మాత్రాన పాలు దొరకవని మీకు నేను చెప్పనక్కరలేదు.

ఇక మన రూపాయి. 1974లో మన దేశంలో ధరలు ఏడాదికి పాతిక శాతం మించి పెరిగాయి. 1972 కరువు, 1973లో ప్రపంచమంతటా చమురు ధర పెరగడం దానికి కారణాలు. కిరోసిన్ కోసం వరుసల్లో నిలబడిన రోజులు పెద్దలకు గుర్తుండే ఉంటాయి. అంత కష్టకాలంలోనూ అది నెలకు 50 శాతానికి దరిదాపుల్లోకి రాలేదు, 1976 నాటికి తగ్గింది. పైగా 1997 వరకు కేంద్ర ప్రభుత్వం తాత్కాలిక ట్రెజరీ బిల్లుల మీద రిజర్వు బ్యాంకు నుండి అవసరమైనంత తీసుకునే వీలుండేది. ఆ ఏడాది ఆ పద్ధతిని ఆపివేశారు. ధరల పెరుగుదల 4 శాతం వద్ద ఉండాలనీ, 6 శాతం దాటరాదనీ 2016లో లక్ష్యం పెట్టారు. 2022లో వరుసగా మూడు త్రైమాసికాలు ఆ హద్దు దాటినందుకు రిజర్వు బ్యాంకు ప్రభుత్వానికి సంజాయిషీ వ్రాసుకోవలసి వచ్చింది. ఇవన్నీ ఉన్నాయి గనుక ఎన్నటికీ ఏమీ కాదని నేననను. జర్మనీకి పట్టిన దశ పట్టాలంటే ముందు మనకు కనబడవలసినవి వేరు: పంటలు, కర్మాగారాలు ఒక్కసారిగా ఆగిపోవాలి, పన్నులు వసూలు కాక ప్రభుత్వం జీతాలను కొత్త నోట్లతోనే ఇవ్వాలి, బజారులో వర్తకుడు రూపాయి వద్దనాలి. ఉల్లిపాయ ధర పెరగడం ఆ లక్షణం కాదు.

మనల్ని నిజంగా తినేది నెమ్మదిగా పెరిగే ధర. ఏడాదికి 6 శాతం చొప్పున పెరిగినా, పెట్టెలో దాచిన నోటు విలువ పన్నెండేళ్ళకు సగమవుతుంది. తవుడు, చెక్క ధర వారం వారం మారుతుంది. పాల ధర మాత్రం పాలకవర్గం సమావేశమై తీర్మానించినప్పుడే మారుతుంది. ఆ మధ్య కాలంలో నష్టం మీదే. సర్వసభ్య సమావేశంలో లేచి అడగవలసిన ప్రశ్న ఇది: దాణా ధర ఎంత పెరిగింది, పాల ధర ఎప్పుడు సవరించారు, పక్షం బిల్లు ఎన్ని రోజులు ఆలస్యమైంది? వాటా ధనం విషయంలో కూడా దాపరికం లేకుండా చెబుతాను. వంద రూపాయల వాటా ఇరవై ఏళ్ళ తరువాత కూడా వంద రూపాయలే, దాని విలువ తగ్గుతుంది. కాని ఆ డబ్బుతో కొన్న శీతలీకరణ ట్యాంకు, పాల పరీక్ష యంత్రం సంఘంలో పనిచేస్తూనే ఉంటాయి. అందరూ వాటా వెనక్కు తీసుకుంటే అవి అమ్మి ఇవ్వాలి, మరునాటి ఉదయం పాలు పోయడానికి చోటుండదు.

పడ్డల మాటకు వస్తే, బంగారం చెడ్డదని నేననను. అవసరానికి తాకట్టు పెట్టుకోవచ్చు, మేత అడగదు. అయితే చూడి పడ్డ నాలుగు నెలల్లో ఈని పాలిస్తుంది, పెయ్యదూడ పుడితే మందకు ఇంకొకటి చేరుతుంది. పాల ధర కాలంతోపాటు పెరిగితే ఆ పాలు కూడా పెరిగిన ధరకే అమ్ముడవుతాయి. భయపడి ఒక్క వారంలో అమ్మితే, దళారి అడిగిన ధరకే అమ్మాలి. ఆ సంఘానికి మొన్న మళ్ళీ వెళ్ళినప్పుడు ఆ పెద్దాయన కనిపించారు. ఒక పడ్డను అమ్మారట. బంగారానికి కాదు, మనవరాలి కాలేజీ ఫీజుకు. రెండవది ఈనింది, పెయ్యదూడ.