దవడకీలు – రెండు సూదుల చికిత్స

చెవి రంధ్రానికి కొంచెం ముందు వేలు ఆనించి నోరు తెరచి మూసినచో, చర్మం క్రింద గుండ్రని ఎముక కదలడం మనకు తెలుస్తుంది. అదే దవడకీలు. ఇది తలుపు బందు వలె తిరగడమే గాక, నోరు బాగా తెరచినప్పుడు ముందుకు జారుతుంది కూడా. రెండు ఎముకల నడుమ మెత్తని బిళ్ళ ఒకటి కలదు. దానికి పైన ఒక అర, క్రింద ఒక అర.

ఈ బిళ్ళ ముందుకు తొలగినప్పుడు నోరు తెరువగానే 'టక్కు'మను శబ్దం వస్తుంది. కొందరిలో ఒకనాడు ఆ శబ్దం ఆగిపోతుంది. నోరు తెరుచుకొనడం కూడా ఆగిపోతుంది. పెద్దవారి నోరు సాధారణంగా సుమారు 40 మిల్లీమీటర్లు, అనగా మూడు వేళ్ళు పట్టునంత తెరుచుకొనవలెను. దవడ బిగిసినవారికి అన్నపుముద్ద నోట పెట్టుకొనడమే ప్రయాస.

బిళ్ళ తొలగినది గనుక దానిని యథాస్థానంలో కుట్టవలెను, లేదా తీసివేయవలెను అని శస్త్రవైద్యులు తలచారు. తర్కం సబబుగానే ఉన్నది. అందుకై చెవి ముందు కోసి కీలును తెరిచేవారు. ముఖ కండరాలను కదిలించే నరపు శాఖలు ఆ దాపుననే ఉన్నవి. వాటికి దెబ్బ తగిలినచో కనుబొమ్మ ఎత్తడం కూడా కష్టమే. 1980ల దశకంలో అమెరికాలో, తీసివేసిన బిళ్ళకు బదులుగా టెఫ్లాన్ గల పలకలను అమర్చారు. నమలునప్పటి ఒత్తిడికి అవి చిట్లి, చుట్టుప్రక్కల ఎముక క్షీణించింది. 1990లో ఆ ప్రభుత్వమే హెచ్చరిక చేయవలసి వచ్చింది.

జపానులో మరొక మార్గం తెరుచుకొన్నది. 1918లో కెంజి తకాగి, మూత్రాశయాన్ని చూచే గొట్టంతో ఒక మృతదేహపు మోకాలి లోపల పరిశీలించారు. మసాకి వటనబే ఆ పరికరాన్ని క్రమంగా 2 మిల్లీమీటర్ల కన్న సన్ననిదిగా చేశారు. అట్టి సన్నని గొట్టంతో 1975లో మసతోషి ఓనిషి దవడకీలు లోపలి భాగాన్ని చూడగలిగారు.

మాకు మిక్కిలి ఆశ్చర్యం కలిగించినది దీని తరువాతి సంగతి. గొట్టంతో చూచునప్పుడు పై అరను ద్రవంతో కడిగి, లోపలి అతుకులను విడదీసేవారు. బిగిసిన నోళ్ళు తెరుచుకొన్నవి. కాని పిమ్మట పరీక్షించగా, చాలమందిలో బిళ్ళ తొలగిన చోటనే ఉన్నది! అనగా బిళ్ళ తొలగుటయే నోటిని బిగించలేదు. అది కదలక అతుక్కొనడం బిగించినది. కడుగుటయే పని చేసినచో గొట్టమెందుకు? డోరిట్ నిట్జాన్, డోల్విక్, మార్టినెజ్ 1991లో ఈ విధానాన్నే ప్రకటించారు. స్థానికంగా మత్తుమందు ఇచ్చి, పై అరలోనికి రెండు సూదులు గ్రుచ్చి, ఒకదాని ద్వారా రింగర్ ద్రవం పంపితే రెండవదాని ద్వారా వెలికి వస్తుంది. వాపు కలిగించే పదార్థాలు కూడా దానితో కొట్టుకొనిపోతవి. లోపల చూడవలెనన్న ఆరాటమే, చూడనక్కరలేని చికిత్సకు దారి చూపినది.

చాలమందికి ఈ సూదులు కూడా అవసరం రావు; మెత్తని ఆహారం, వేడి కాపడం, కండరాల వ్యాయామం, పళ్ళకు తొడిగే పలక సరిపోతవి. ఇక బాల్యంలో గడ్డంపై పడిన దెబ్బ వలననో, చెవిలో చీము పట్టుట వలననో కీలు ఎముకగా అతికిపోయిన వారికి సూదులు చాలవు. వారికి నేటికిని కోసి తెరిచే శస్త్రచికిత్సే శరణ్యం. ఆ పిమ్మట నోరు తెరిచే వ్యాయామాన్ని నెలల తరబడి మానకుండా చేయవలెను, లేనిచో కీలు మరల అతుక్కొనవచ్చును.