దాచిన ఉత్తరాలు

కృష్ణా డెల్టా పల్లెల్లో ఆడపిల్ల పెళ్లికి పొలం రాసి ఇవ్వడం ఉంది. పసుపు కుంకుమ కింద ఇచ్చాం అంటారు. అరెకరం ఇచ్చేవాళ్లు ఉన్నారు. ఐదెకరాలు ఇచ్చేవాళ్లూ ఉన్నారు. మరి ఆ పొలం ఎవరిది? భర్తదా? అత్తమామలదా?

కాదు. ఆ పిల్లదే. కాగితం మీద ఆమె పేరే ఉంటుంది. ఆమె ఇష్టపడితేనే అమ్మాలి. ఆమె ఇష్టపడితేనే ఇంకొకరి పేర రాయాలి. ఇలాంటి ఆస్తిని స్త్రీధనం అంటారు. స్త్రీధనం భార్య సొంతం అని 1985లో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది. దాచిపెట్టమని భర్త చేతికి ఇచ్చినా అది భర్తది అయిపోదు.

ఇలాంటి పొలం దగ్గర మొదలైన గొడవ ఒకటి ఢిల్లీ దాకా వెళ్లింది. అది మన ఆంధ్రప్రదేశ్‌లో జరిగిందే. ఆడపిల్ల చనిపోయిన పదమూడేళ్లకు గానీ చివరి తీర్పు రాలేదు. పేర్లతో మనకు పని లేదు. ఏ కోర్టు ఏమన్నదో, ఎందుకన్నదో తెలుసుకుందాం.

ఆ ఇంట్లో ఏం జరిగింది?

1988లో ఆమెకు పెళ్లయింది. తండ్రి పసుపు కుంకుమ కింద ఐదెకరాల పొలం, ఇంటి స్థలం ఇచ్చాడు. అల్లుడు పల్లెలో బ్రాంచి పోస్టుమాస్టరు. అంటే ఊరికి వచ్చే ఉత్తరాలన్నీ అతని చేతి మీదుగా పోవాల్సిందే.

కొన్ని నెలలు గడిచాయి. ఆ పొలం తన పేర రాయమని భర్త అడిగాడు. ఆమె ఒప్పుకోలేదు. సతాయింపు మొదలయింది.

ఆ రోజుల్లో పల్లెల్లో ఇంటింటికీ ఫోను లేదు. పుట్టింటి కబురు తెలియాలంటే ఉత్తరమే ఆధారం. పుట్టింటివాళ్లు ఉత్తరాలు రాస్తూనే ఉన్నారు. అవి ఆమెకు చేరలేదు. ఊరందరికీ ఉత్తరాలు అందించే మనిషి, తన భార్యకు వచ్చిన ఉత్తరాలు దాచిపెట్టాడు!

ఒకనాడు ఆ ఉత్తరాలు ఆమె కంటపడ్డాయి. వాటిని తండ్రికి అందజేసింది. భర్తకు కోపం వచ్చింది. భయం కూడా వేసే ఉంటుంది. అప్పటి చట్టం ప్రకారం ఒకరికి వచ్చిన ఉత్తరం పోస్టుమాస్టరు దాచడం నేరం. ఉద్యోగానికే ముప్పు. ఆ ఉత్తరాలు తిరిగి తెచ్చి ఇమ్మని వేధించాడు. ఇంట్లోంచి వెళ్లగొట్టాడు.

1989 అక్టోబరులో ఆమె ప్రాణం తీసుకుంది. పెళ్లయి ఏడాదిన్నర కూడా కాలేదు.

ఒక చావు, మూడు సెక్షన్లు

ఇలాంటి కేసుల్లో మూడు నంబర్లు వినబడతాయి. ఒకదానికీ ఇంకోదానికీ తేడా తెలియాలి.

498-ఎ సెక్షన్ 1983లో వచ్చింది. భార్యను భర్త గానీ, భర్త తరఫు బంధువులు గానీ క్రూరంగా హింసిస్తే ఈ సెక్షన్ పడుతుంది. కొట్టడం ఒక్కటే క్రూరత్వం కాదు. ప్రాణం తీసుకునేంత దాకా తోసే ప్రవర్తన కూడా క్రూరత్వమే. ఆస్తి కోసం పీడించడమూ క్రూరత్వమే. మూడేళ్ల దాకా జైలు, జరిమానా పడతాయి.

304-బి సెక్షన్ 1986లో వచ్చింది. ఇది వరకట్నపు చావు. పెళ్లయిన ఏడేళ్ల లోపు భార్య మామూలుగా కాకుండా చనిపోవాలి. చావుకు కొద్ది ముందు కట్నం కోసం హింసించి ఉండాలి. ఈ రెండూ రుజువయితే ఏడేళ్లకు తగ్గకుండా జైలు. యావజ్జీవం దాకా వేయొచ్చు.

306 సెక్షన్ పాతదే. ఒక మనిషి ఆత్మహత్య చేసుకునేలా పురికొల్పిన వాళ్లకు ఇది. పదేళ్ల దాకా జైలు పడుతుంది.

2024 జూలై 1న భారతీయ న్యాయ సంహిత అనే కొత్త చట్టం అమలులోకి వచ్చింది. అందులో నంబర్లు మారాయి. 498-ఎ ఇప్పుడు 85. 304-బి ఇప్పుడు 80. 306 ఇప్పుడు 108. నంబరు మారినంత మాత్రాన నేరం పోలేదు. పాత కేసులు పాత నంబర్లతోనే నడుస్తున్నాయి.

కోర్టులు ఏమన్నాయి?

కేసు మొదట విన్న కోర్టు భర్త క్రూరంగా హింసించాడని తేల్చింది. 498-ఎ కింద శిక్ష వేసింది. కానీ వరకట్నపు చావు నేరం రుజువు కాలేదంది.

వినేవాళ్లకు ఆశ్చర్యంగా ఉంటుంది. పొలం కోసమే కదా పీడించాడు? అది కట్నం కాదా? ఇక్కడే చట్టం మాటను ఆగి చదవాలి. కట్నం అంటే పెళ్లికి సంబంధించి అడిగినది. ఇక్కడ పొలాన్ని తండ్రి తన ఇష్టంతో కూతురికి ఇచ్చాడు. పెళ్లి మాటల్లో అల్లుడు ఆ పొలం అడిగినట్టు సాక్ష్యం లేదు. పెళ్లయ్యాక ఆమె ఆస్తిని కాజేయాలని చూశాడు. అది దుర్మార్గమే. కానీ చట్టం చెప్పిన కట్నం కిందికి రాదు. కోర్టు అలా లెక్క వేసింది.

హైకోర్టులోనూ అదే తీర్పు నిలిచింది.

కన్నవాళ్లకు ఇది సరిపోలేదు. పిల్ల చనిపోయింది. హింసించినందుకు శిక్ష పడింది. మరి చావుకు బాధ్యత ఎవరిది? ఆ ప్రశ్నతో తల్లిదండ్రులు సుప్రీంకోర్టుకు వెళ్లారు.

2002 అక్టోబరు 25న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. కట్నం విషయంలో కింది కోర్టుల మాటనే ఒప్పుకుంది. కానీ అక్కడితో ఆగలేదు. పొలం కోసం వేధించడం, ఉత్తరాలు దాచడం, వాటి కోసం ఇంట్లోంచి గెంటడం, ఇవన్నీ కలిసి ఆమెను చావుకు తోశాయి అంది. 306 కింద కూడా భర్త నేరస్థుడే అని తేల్చింది. అయిదేళ్ల కఠిన జైలు శిక్ష వేసింది. 20,000 రూపాయల జరిమానా వేసి, ఆ డబ్బు ఆమె తల్లిదండ్రులకు ఇమ్మంది.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. కేసు మొదట్లో 306 సెక్షన్ పెట్టనే లేదు. పెట్టని సెక్షన్ కింద శిక్ష వేయొచ్చా? ఏం జరిగిందో అంతా ఆరోపణ పత్రంలో రాసే ఉంది, దానికి జవాబు చెప్పుకునే అవకాశం భర్తకు దొరికింది, నంబరు రాయనంత మాత్రాన అతనికి అన్యాయం జరగలేదు అని సుప్రీంకోర్టు చెప్పింది.

అందుకే స్టేషన్‌లో ఫిర్యాదు ఇచ్చేటప్పుడు సెక్షన్ల గురించి బెంగ అక్కర్లేదు. అది పోలీసుల పని, లాయర్ల పని. జరిగినదంతా, జరిగిన వరసలో చెప్పాలి. ఏదీ చిన్న విషయం అని వదలకూడదు. ఉత్తరం దాచడం చూడటానికి ఎంత చిన్న సంగతి!

ఇంకో మాట. పెళ్లయిన ఏడేళ్ల లోపు భార్య ప్రాణం తీసుకుని, భర్త క్రూరత్వం కూడా రుజువయితే, అతనే పురికొల్పాడని కోర్టు అనుకోవచ్చు. ఈ వీలు 1983లో సాక్ష్యాల చట్టంలో పెట్టారు. కొత్త చట్టంలోనూ ఉంది. నాలుగు గోడల మధ్య జరిగిన దానికి సాక్షులు ఎక్కడ దొరుకుతారు? అందుకే ఈ వీలు పెట్టారు.

అప్పీలు అంటే ఏమిటి?

ఒక కోర్టు తీర్పు సరిగా లేదని పైకోర్టును అడగడమే అప్పీలు. గుడివాడలోనో, అవనిగడ్డలోనో మేజిస్ట్రేటు కోర్టు 498-ఎ కింద శిక్ష వేసిందనుకోండి. శిక్ష పడినవాడు సెషన్స్ కోర్టుకు వెళ్లొచ్చు. దానికి గడువు 30 రోజులు. కృష్ణా జిల్లాకు పెద్ద కోర్టు బందరులో ఉంది. బెజవాడలోనూ సెషన్స్ కోర్టులున్నాయి. చావు కేసులను మొదటే సెషన్స్ కోర్టు వింటుంది. దాని మీద అప్పీలు హైకోర్టుకు పోతుంది. దానికి గడువు 60 రోజులు. ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 2019 జనవరి 1 నుంచి అమరావతిలో ఉంది. బెజవాడ నుంచి బస్సులో వెళ్లి రావచ్చు. అంతకు ముందయితే హైదరాబాదు పోవాల్సి వచ్చేది.

అప్పీలులో మామూలుగా సాక్షులను మళ్లీ పిలవరు. కింది కోర్టులో రాసుకున్న వాంగ్మూలాలు, అక్కడ దాఖలు చేసిన కాగితాలు పైకి వెళతాయి. జడ్జి వాటిని చదువుతాడు. ఇద్దరు లాయర్లు వాదిస్తారు. మొదటి కోర్టులో చెప్పని మాటకు పైకోర్టులో చోటు దొరకడం కష్టం.

చాలామంది ఆడవాళ్లు ఒకచోట హడలిపోతారు. పొద్దున భర్తకు శిక్ష పడుతుంది. సాయంత్రానికి అతను మళ్లీ ఊళ్లో కనబడతాడు. డబ్బు పెట్టి కేసు కొట్టేయించాడని ఊరు చెప్పుకుంటుంది. అది నిజం కాదు. శిక్ష మూడేళ్లు గానీ, అంతకు తక్కువ గానీ అయి, మనిషి అప్పటికే బెయిలు మీద ఉంటే, అప్పీలు వేసుకోవడానికి అదే కోర్టు బెయిలు ఇస్తుంది. శిక్ష కొట్టేసినట్టు కాదు. అప్పీలు తేలేదాకా ఆపినట్టు. ఈ లోపు బెదిరిస్తే అది మళ్లీ ఇంకో నేరం. 112కు ఫోను చేయొచ్చు. స్టేషన్‌లో చెప్పొచ్చు.

అప్పీలులో శిక్ష నిలబడొచ్చు, తగ్గొచ్చు, పూర్తిగా పోవచ్చు. శిక్ష పడినవాడు తాను వేసుకున్న అప్పీలులో మాత్రం శిక్ష పెరగదు. పెంచాలంటే ప్రభుత్వం విడిగా అప్పీలు వేయాలి.

శిక్ష పోయిన కేసు కూడా ఒకటి చూడాలి. ఇదీ ఆంధ్రప్రదేశ్ కేసే. కింది కోర్టు 498-ఎ కింద శిక్ష వేసింది. హైకోర్టు కొట్టేసింది. ప్రభుత్వం సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2008 అక్టోబరులో సుప్రీంకోర్టు హైకోర్టు మాటే ఖాయం చేసింది. ముఖ్య కారణం ఆలస్యం. జరిగిందన్న సంఘటనకూ, ఫిర్యాదుకూ మధ్య నెల పైనే గడిచింది. ఎందుకు ఆలస్యమయిందో నమ్మేలా చెప్పలేకపోయారు.

ఆడది వెంటనే స్టేషన్‌కు పోదు. పెద్దమనుషులు ఆగమంటారు. తల్లి సర్దుకోమంటుంది. పిల్లల మొహం చూసి తనే ఆగుతుంది. ఇవన్నీ నిజమైన కారణాలే. కానీ ఆ కారణాలు ఫిర్యాదులో రాయించాలి. పంచాయితీ ఏ రోజు జరిగింది? ఎవరెవరు కూర్చున్నారు? దెబ్బలకు ఏ ఆసుపత్రికి వెళ్లింది? ఆసుపత్రి చీటీ ఉందా? రాయించకపోతే జడ్జికి తెలిసే దారి లేదు.

ఆమె తరఫువాళ్లూ వెళ్లొచ్చా?

1989లో చనిపోయిన ఆ పిల్ల తల్లిదండ్రుల దారి తేలికయినది కాదు. అప్పుడు అప్పీలు హక్కు ముఖ్యంగా శిక్ష పడినవాడికీ, ప్రభుత్వానికీ ఉండేది. 2009 డిసెంబరు 31 నుంచి చట్టం మారింది. ఇప్పుడు బాధితురాలికి కూడా హక్కు ఉంది. ఆమె లేకపోతే ఆమె వారసులకు ఉంది. నిందితుణ్ణి వదిలేసినా వెళ్లొచ్చు. పెద్ద నేరం వదిలి చిన్న నేరం కింద శిక్ష వేసినా వెళ్లొచ్చు. పరిహారం చాలకపోయినా వెళ్లొచ్చు. ఆలస్యం చేయకుండా లాయరును కలవాలి.

లాయరుకు డబ్బు లేదంటారా? ఆడవాళ్లకు ఉచిత న్యాయ సహాయం చట్టంలో ఉంది. ఆదాయం ఎంతయినా సరే. జిల్లా కోర్టు ఆవరణలో న్యాయసేవాధికార సంస్థ ఉంటుంది. వాళ్లు లాయరును పెడతారు. వాళ్ల ఫోను నంబరు 15100. ఇంట్లో హింస భరించలేనప్పుడు 181కు ఫోను చేయాలి. బతకాలని లేదు అనే ఆలోచన వస్తే 14416కు చేయాలి. పగలయినా, రాత్రయినా మాట్లాడతారు. తెలుగులోనే మాట్లాడొచ్చు.

ఫిర్యాదు ఇచ్చాక ఎఫ్ఐఆర్ నకలు ఉచితంగా ఇవ్వాలి. అడిగి తీసుకోవాలి. ఇంటికి వచ్చి పెద్దగా చదవాలి. మనం చెప్పింది ఒకటి, వాళ్లు రాసింది ఒకటి అయితే అప్పుడే తెలుస్తుంది. ఈ కాగితం, పసుపు కుంకుమ దస్తావేజు, ఆసుపత్రి చీటీలు, ఫోనులో వచ్చిన సందేశాలు ఒక సంచిలో పెట్టి, పుట్టింట్లోనో నమ్మకమయిన మనిషి దగ్గరో ఉంచాలి. ఆ పిల్ల ఉత్తరాలు తండ్రికి ఇచ్చింది. ఆమె పోయాక కూడా వాటి సంగతి కోర్టులో నిలబడింది.

చదివాక మాట్లాడుకోండి

మీ ఊళ్లో పసుపు కుంకుమ కింద పొలం వచ్చిన ఆడవాళ్లు ఎంతమంది? పాసు పుస్తకం ఎవరి దగ్గర ఉంది?

ఆ పొలం కట్నం కిందికి రాదని కోర్టు అంది. మీరేమంటారు?

ఎఫ్ఐఆర్, బెయిలు, అప్పీలు: ఈ మాటలకు అర్థం మీ మాటల్లో రాయండి.